పొయ్యిలో కోడి

బొమ్మనహళ్ళి, మూడో అంతస్తు.
పుట్టని పొగను లెక్కపెట్టడం నా ఉద్యోగం.

ఎవరైనా అడిగితే 'డేటా' అంటాను.
ఇల్లు అద్దెకిచ్చిన ఓనరమ్మకు అంతకన్నా అక్కర్లేదు,
ఒకటో తారీఖు తప్పకపోతే చాలు.

నన్ను తీసుకున్నది చదువు చూసి కాదు,
కదిరి పక్క యాస వచ్చని.
రోజుకు నలభై ఫోన్లు.
అమ్మా, మీకిచ్చిన కొత్త పొయ్యి ముట్టిస్తున్నారా?
ఒక పూటా, రెండు పూటలా?
పాత మూడు రాళ్ళూ తీసేశారా?
అవునన్న ప్రతి గొంతూ
ఏడాది తిరిగేసరికి టన్నున్నర.
ఆ టన్నున్నర, మా హెగ్డే సార్ చెప్పడం,
మంచు దేశంలో ఒక విమానాల కంపెనీ కొనుక్కుంటుంది.
పారిస్‌లో రాసుకున్న కాగితంలో
ఆరో అధికరణం అందుకు దారి వదిలిందట.
ఆ మాట వచ్చినప్పుడల్లా సార్
గొంతు కాస్త తగ్గిస్తాడు,
పెద్దింటి సంబంధం కుదిరినట్టు.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది.
సెల్లార్‌లో జనరేటర్ రెండుసార్లు దగ్గి అందుకుంది.
డీజిల్ వాసన మెట్లెక్కి
నా కుర్చీ దాకా వచ్చి నిలబడింది.
దాన్ని గురించి ఏ ఫారంలోనూ ప్రశ్న లేదు.
కిటికీ మూసి
నూట పన్నెండో నంబరు కలిపాను.

ఓబుళమ్మ. వంకమీదపల్లి.

"పొయ్యా? బో బాగుండాది పాపా.
దాంట్లో కోడి పొదిగుండాది."

"మరి వంట?"

"వంట యాడ చేసేది?
పదకొండు గుడ్లు పెట్టుకోనుండాది.
మూతి ఇరుకు, పిల్లి దూరదు.
మీ కంపెనీవోళ్ళు ఆలోచన చేసే చేసినారు."

ఇరవై మూడో ప్రశ్న: వాడకపోవడానికి కారణం?
పాడైంది. అమ్మేశాం. నచ్చలేదు. ఇతరములు.
ఇతరముల పక్కన యాభై అక్షరాలకు చోటు.

"నేనొకటి అడుగుతా చెప్పు.
మా ఇంట్లో పొగ రాకుంటే మీకేమొస్తాది?"

చెప్పాను. నాకు తెలిసినంత.
దూరదేశం వాళ్ళు, విమానాలు, వాళ్ళ పొగ,
దానికి ఎదురుగా మీ పొయ్యి అని.

కాసేపు చప్పుడు లేదు.
తర్వాత, ఈ ఏడు చింతకాయ కాయలేదన్నంత మామూలుగా,
"ఒక్కపొద్దు మాది,
తినేది వాళ్ళు.
కొనుక్కోని తింటారన్నమాట" అంది.

నవ్వలేదు. కోప్పడనూ లేదు.
"ఉండు పాపా, కోడి లేచింది" అని
ఫోన్ ఎక్కడో పెట్టి పోయింది.

చెవిలో పుల్లలు విరుస్తున్న చప్పుడు.
ఊదుగొట్టం.
మూడు రాళ్ళ మీద ఏదో సుయ్యిమంది,
ఆమె దగ్గింది,
ఇక్కడ కింద జనరేటర్ దగ్గింది.
ఏ దగ్గు ఎవరిదో ఒక్క క్షణం తెలియలేదు.

కాల్ మూడు నిమిషాలు దాటితే
నా స్క్రీన్ మీద ఎర్రదీపం వెలుగుతుంది.
వెలిగింది. నేను పెట్టేయలేదు.

ఇతరములలో రాశాను:
కోడి పొదుగుతోంది. మూడు వారాలు ఆగి అడగాలి.

సాయంత్రానికి సార్ తిప్పి పంపాడు.
'స్పష్టంగా లేదు. అవును లేదా కాదు.'
కరెంటు వచ్చేసింది, ఏసీ చల్లగా ఉంది.
నేను ఏది నొక్కానో చెప్పను.

ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు.
హోసూరు రోడ్డు మీద బస్సు కదలడం లేదు,
ముందు లారీ పొగ గొట్టం సరిగ్గా నా కిటికీ వైపే.
ఓబుళమ్మ నంబరు అరచేతిలో రాసుకున్నాను,
చెమటకు చివరి అంకె చెరిగింది.
మూడో, ఎనిమిదో.
రెండూ చేసి చూస్తాను.
ఎన్ని పిల్లలయ్యాయో అడగాలి,
ఈసారి నా సొంత ఫోన్ నుంచి.