పదిహేడో సీసా

సీసా మీద పేరు లేదు.
పదిహేడని ఉంది, అంతే.
మాల్యాద్రి అని రాయండమ్మా అంటే
రాయకూడదంది రమీజా నర్సు.
ఈడ మీవోడు పదిహేడు,
నువ్వు పదిహేడు వాళ్ళమ్మవి.

పొద్దున ముప్పావు మిల్లీ, రాత్రి ముప్పావు,
సూది లేని సిరంజితో బుగ్గలోకి.
నూనె. పల్చగా, పసుపుగా.
ఎత్తి ఎండలో చూస్తే
బ్యారన్లో మూడోనాటి ఆకు రంగు.

మా అత్త గడప కాడే నిలబడింది.
గంజాయంటగా, పసోడి నోట్లో గంజాయి పోస్తావా మే?
నాకు తెలిసిన గంజాయి
టంగుటూరు టోల్‌గేటు కాడ లారీలో దొరికి
పేపరు ఫొటోలో, పోలీసుల కాళ్ళ ముందు
వరసగా పేర్చిన పొట్లాలు.

రమీజాని అడిగా.
ఆ ఆకులో నూరు సరుకులుంటాయి,
మత్తెక్కించేదాన్ని అవతల పెట్టి
ఈ ఒక్కదాన్నీ ఏరారు, అంది.
ఏరటమంటే నాకు చెప్పాల్సిన పన్లా.
పద్నాలుగేళ్ళుగా కొండపి గోడౌన్లలో గ్రేడింగు కూలిని.
ఈనె ఓ పక్క, ఆకు ఓ పక్క,
మాడింది, పచ్చిది, నిమ్మపండుది.
కరెంటు పోయినా చెయ్యి ఆగదు,
ఏ కుప్పలోదో వేళ్ళకే తెలుస్తది.

ఈ నూనె తెలీలా.
సగం సీసాల్లో మందు,
సగం సీసాల్లో ఉత్త నువ్వుల నూనంట.
ఏది ఎవరికో డాక్టరమ్మకీ తెలీదంట.
తెలిస్తే కళ్ళు అబద్ధమాడతాయంట.
ఆ రాత్రి మూత నాకి చూశా.
నువ్వులు. నువ్వుల వెనకాల ఏదో వగరు,
లేకపోతే నా నాలిక మీద
పగటి పొగాకు జిగురే.

గళ్ళ పుస్తకం ఇచ్చారు.
ఫిట్సు వస్తే గీత, ఎన్ని నిమిషాలో పక్కన.
మా చిన్నాయనకొస్తే కాకిసొమ్మ అనేవోళ్ళు,
గుప్పిట్లో తాళాలగుత్తి కుక్కి
మొహాలు అవతలికి తిప్పుకునేవోళ్ళు.
ఎవరూ లెక్క పెట్టలా.
నూతికాడ పోయినరోజు కూడా
అది ఎన్నోదో ఎవరికీ తెలీదు.

నూనెకి ముందు నెల నలభై ఒకటి.
తర్వాత ముప్పై ఎనిమిది.
ఇరవై రెండు.
పందొమ్మిది.
ఆ నెల నేను నవ్వుకుంటా నడిచానంట రోడ్డు మీద,
తోటి కూలోళ్ళు చెప్పారు.

నాలుగో నెల, ఆఖరి శుక్రవారం, తెల్లారుజామున
మంచం కోడు టకటకా నేలకి కొట్టుకుంది.
పక్కకి తిప్పి పడుకోబెట్టా, సెల్లో టైము చూశా.
నాలుగు నిమిషాలు.
నురగ తుడిచా.
గీత పెట్టలా.

అప్పటికి పందొమ్మిది. ఇది ఇరవయ్యి.
ఒక్కటేగా అనుకున్నా.
పందొమ్మిదితోనే నెల ముగిస్తే
డాక్టరమ్మ మొహం వెలుగుద్ది,
అసలు మందే మాకొచ్చిందని నాకూ

పగలంతా చెయ్యి తప్పింది.
పచ్చిదాంట్లో మాడింది, మాడిందాంట్లో పచ్చిది.
మేస్త్రి ఏడుకొండలు అరిచాడు.
ఆయనే పోయినేడు నా చేతనే
బేలు నడుమ మాడాకు కుక్కించి
పైన బంగారంలాంటిది పరిపించాడు.
వేలంలో కొనేవోడు మోచేతిదాకా చెయ్యి దూర్చి
నడిమి పిడికెడు లాగి నేలన పోశాడు.
పెద్ద మాటేం అన్లా.
చెయ్యి దులుపుకుని పక్క బేలుకి పోయాడు.

రాత్రి పుస్తకం తీశా.
శుక్రవారం గడిలో గీత గీశా
కాయితం చిరిగిందాకా.
పక్కన నాలుగు.
దాని పక్కన, నాకొచ్చిన అక్షరాల్లో:
పొద్దున రాయలా. దాచా.

నెల్లూరెళ్ళినరోజు రమీజా
ఆ చినుగు మీద వేలు పెట్టి
కాసేపు నా వంక చూసింది.
ఎర్రపెన్నుతో తేదీ వేసి సంతకం చేసింది.

బస్సు కావలి దాటినా పిల్లోడు నా ఒళ్ళో నిద్రే.
పక్కసీట్లో కందుకూరోళ్ళ పాప, ఇరవై రెండు.
వాళ్ళమ్మ సంచిలోంచి సీసా తీసింది,
నేను మాది తీసి పక్కన పెట్టా.
ఒకటే పసుపు.
గుంటలో చక్రం పడితే
రెండూ ఒకటే ఊగటం.

ఏ సీసాలో ఏముందో మార్చిలో చెప్తారంట.
ఈ ఏటి వేలం మొదలయ్యేదీ అప్పుడేనంట.
మోచేతిదాకా దూర్చి చూస్తారు.
చూడనీ.