సున్నా నుంచి మూడు దాకా

కుయోపియోలో జనవరి. మూడున్నరకే చీకటి.
ఇర్మెలి కోటు విప్పకుండానే కూర్చుంది,
చేతులకింకా రొట్టెల బట్టీ వాసన.

కాగితం ఇచ్చాను. ఎనిమిది ప్రశ్నలు.
చదువుతుంటే కునుకొస్తుందా? బస్సులో?
సున్నా, ఒకటి, రెండు, మూడు.
ఎదురుగా ఎవరితోనైనా మాట్లాడుతుంటే?
అక్కడ పెన్ను
అంకె వెయ్యబోయి గీతైపోయింది.
గీత కాగితం దాటి బల్ల మీదికి పాకింది.

నేను కదల్లేదు.
నాలుగు నిమిషాలు, గోడ గడియారం లెక్కన.

కళ్ళు తెరిచి అడిగింది:
"ఎన్నో ప్రశ్నలో ఉన్నాం?"

ఇరవై మూడేళ్ళు బద్ధకస్తురాలనిపించుకున్న మనిషి,
ఎక్కువ చెప్పుకుంటోందని అనుకుంటానేమోనని
మిగతా ఏడింటికీ ఒకట్లే వేసింది.

కాగితం మడుస్తూ, అందులో లేనిదొకటి అడిగాను:
నవ్వొస్తే మోకాళ్ళు జారిపోతాయా?

చాలాసేపు చూసింది,
ఎవరికీ చెప్పని ముద్దుపేరుతో పిలిచినట్టు.

"తమ్ముడి పెళ్ళిలో. జోకు వాడిదే.
పళ్ళెంతో సహా కూలిపోయాను. తాగిందన్నారు.
అప్పట్నుంచి
నవ్వొచ్చే చోట గోడ పక్కన నిలబడతాను."

మొత్తం ఏడు. ఏ జబ్బూ లేని అంకె.
ఆ గీతని ఎంతగా కూడాలో తెలీక
కాగితాన్ని అలాగే డాక్టరు గదికి పంపాను.

బల్ల మీది సగం మాత్రం
తుడవలేదు.