ఒక పోగు కాల్చి చూడాలె

చండూరు నుంచి బండి మీద వచ్చిండు జానయ్య,
సంచిల టేపు, ఫోన్ల లెక్కల మిషను.
గోడలు కొలిచిండు, రేకులు లెక్కవెట్టిండు.
"అండాలక్కా, ఇల్లు ఆరు లక్షలు, సామాను లక్షన్నర,
ఏడాదికి రెండు వేల మూడు వందల నలభై,
అన్నీ కలిపే" అన్నడు.
కలిపే అన్న మాట బాగనే ఉన్నది.
గట్టుప్పల్ల నాకెవ్వరూ ఏదీ కలిపి చెప్పలే ఇన్నేండ్లు.

అగ్గువనా? పిరమా?
చీరకైతే కండ్లు మూసుకొని చెప్త.
అంచు రెండు వేళ్ళ నడుమ పట్టుకుంటే
నేసినోళ్ళు ఏ పూట ఆకలి మీదున్నరో కూడ తెలుస్తది.
ఈ కాయితానికి బరువే లేదాయె.

"జాగ ధర రాయలేదేంది?"
"జాగ కాలదక్కా."
నిజమే. మా గెట్టు జరిగింది గని కాలలే ఎన్నడూ.
అది న్యాయమే అనుకున్న.

సామాను చదువమన్న.
బీరువా, టీవీ, ఫ్రిజ్జు, గ్రైండరు, మంచాలు రెండు,
పోయిన్నెల చెడిపోయిన కూలరు కూడ ఉన్నది.
మగ్గం లేదు.
"అది యాపారమక్కా, ఇంటి సామాన్ల రాదు."
మగ్గం దిక్కు చూసిన.
దాని మీద పిల్లగాని అంగీ ఆరుతున్నది,
పక్కన పప్పు గిన్నె సల్లారుతున్నది.
ఆ గుంటల కాళ్ళు వెట్టుకొనే ముగ్గురికి పాలిచ్చిన.
ఇల్లు యాడ ఆగి యాపారం యాడ మొదలైతదో
సుద్దముక్కతోని నువ్వే గీత గీయి, అన్న.
జానయ్య ఫోను చూసుకున్నడు.

సరే, మగ్గం సామాను కాదు. మరి గుంట?
ఇంట్లనే తవ్విన గుంట ఇల్లేనా?
ఖాళీ జాగకు ఏం ధర కడతరు?
నిరుడు ముసురు వడ్డప్పుడు
నీళ్ళు మొదలు వచ్చింది ఆ ఖాళీలకే.
పొద్దుగాల లేచి చూస్తే బాయి లెక్క ఉన్నది.
చిటికి కట్టి అద్దిన పడుగు,
ఎరుపు పోయి తెలుపుల కూసున్నది.
"వరద రాసిన్రా ఇండ్ల?"
"రాసిన్రు."
"కింది నుంచి ఊరిన నీళ్ళు?"
పేజీ తిప్పిండు. మళ్ళ ఎనుకకు తిప్పిండు.
"ఏ దిక్కు నుంచి వచ్చినయో చూస్తరక్కా."
నీళ్ళకు కూడ ఇంటిపేరు అడుగుతరని
నాకు ఇయ్యాలనే తెలిసింది.

పక్కింటి నర్సమ్మది పదకొండు వందలే,
నన్ను చూసి నవ్వుతది.
సగం ధరే రాయించుకున్నదట.
సగం ఇల్లు కాలితే ఆ సగం వస్తదనుకున్నది.
రాదట. సగంల సగమట.
ఈ ముచ్చట జానయ్యనే చెప్పిండు, అడగకముందే.
అందుకే చాయ పోసిన.

పట్టు అసలుదో కాదో తెలువాలంటే
కొసకు ఒక పోగు గుంజి అగ్గిపుల్ల వెడతం.
ఎంటికె కాలిన వాసనొచ్చి బూడిద రాలితే పట్టు,
ముద్దయి వేలికి అంటితే నకిలీ.
"నువ్వు రాయించినోళ్ళల ఇల్లు కాలినోళ్ళున్నరా?
ఒక్కరి నంబరియ్యి."
జానయ్య గడ్డం గోక్కున్నడు. ఇచ్చిండు.
కనగల్లు దిక్కు కిరాణం ఆయనది.

ఫోన్ల ఆయన మస్తు తిట్టిండు.
ఐదు నెలలు తిప్పిన్రట,
ఫ్రిజ్జు పాతదని కోసిన్రట,
బిల్లు లేని బియ్యాన్ని బియ్యమే కాదన్నరట.
"మరి పైసలు?"
"వచ్చినయమ్మా. అడిగినంత రాలే గని వచ్చినయి."
ఎంటికె వాసన కొంచెం తగిలినట్టే అనిపించింది.

జానయ్యను ఎనుకకు తోలిచ్చిన.
కాయితం మీద మగ్గం అని రాయించుకొని రా,
రెండే అచ్చరాలు,
వాటికెంతయితదో అది కూడ కలిపి చెప్పు.
నీళ్ళ ముచ్చట ఫోన్ల కాదు, రాతల ఉండాలె.

శుక్కురారం మళ్ళొచ్చిండు. మూడు వేల వంద.
నీళ్ళ సంగతి ఇంక అడుగుతున్నరట పైన.
అగ్గువనా పిరమా ఇప్పటికీ చెప్పలేను,
కాయితం మాత్రం కొంచెం బరువెక్కింది.
సంతకం నీళ్ళ సంగతి తేలినంక.
ఇయ్యాల చీర కొయ్యాలె.