ధర అనే గడి

మడికొండ గుట్ట మీద మా ఆఫీసు.
కిటికీలకెల్లి చూస్తే కాజీపేట దిక్కు పోయే గూడ్సు బండి,
డబ్బా వెనుక డబ్బా.
దేంట్ల ఏమున్నదో పైకి తెలవదు.
తెలిసేటట్టు రాసుడే నా నౌకరి.

ఇంతంత పనిముట్టు అది.
పేరు చెప్తే చాలు, ఏ పట్టిక ఏడున్నదో
ఏ గడికి ఏం అర్థమో వెతికి చేతిల పెడతది.
అడిగేది మనిషి కాదు, ఏజెంటు.
రాత్రి రెండింటికి అడుగుతది,
మొహమాటం లేదు, ఆవలింత లేదు.
నేనేది రాస్తే అదే నమ్ముతది.

మనిషైతే కనుబొమ్మ ఎగరేస్తడు,
"ఇదెట్లైతది మేడం?" అని ఫోన్ కొడతడు.
దీనికి అనుమానం రాదు.
అందుకే ఒక్క వాక్యానికి
నాలుగు దినాలు పట్టింది నాకు.

పట్టిక: ఎనుమాముల మిర్చి, రోజువారీ.
గడి: ధర.
వివరణ: క్వింటాలుకు, రూపాయల్లో.

నాకంటే ముందున్నాయన రాసిపోయిన వివరణ.
తప్పు లేదు.
ఒప్పు ఉన్నదా అంటే, అదీ లేదు.

రైతు లెక్క నేనే అడిగి చూసిన:
"నర్సంపేట నుంచి తేజ తెస్తున్న, ఎంత పడతది?"
రెప్ప కొట్టేలోపు జవాబు:
పద్నాలుగు వేల రెండు వందలు.
ఎంత ధీమా!
ఒక్క కాయ తుంచి చూడలేదు.

బేస్తవారం పొద్దున యార్డుకు పోయిన.
గేటు దాటకముందే తుమ్ములు మొదలైనయి.
కాంటా కాడ దడువాయి ఓదెలు,
చెవి మీద పెన్ను, మెడల ఎర్రబారిన తెల్ల తువ్వాల.
ఫోన్‌ల గడి చూపిన.
కండ్లు చికిలించి చదివి నవ్విండు.

"ఇది జెండా పాట బిడ్డా.
ఆ దినం అన్నిట్ల మంచి కుప్పకు పాడిన ధర.
పేపర్ల అదే పడతది.
వచ్చేది మాత్రం ఒక్కనికే.
కడమోళ్ళకు తడి అంటరు, తాలు అంటరు,
పదకొండు వేలు, తొమ్మిది, ఒక్కోపారి ఆరు."

మరి సంక్రాంతి వారంల ఈ సున్నాలేంది?
"యార్డు బందున్నది.
ధర లేక కాదు, పాడెటోడు లేక.
ఇంగో, చపాటా, టమాట మిర్చి, రెండూ ఒకటే.
గది గూడ రాయి,
లేకుంటే నీ మిషను రెండు పంటలనుకుంటది."

అంతా రాసుకున్నంక అడిగిన,
"ఈ బరువు తరుగు తీసినంకదా, తియ్యకముందుదా?"

ఓదెలు నవ్వలేదు.
అడ్తి దుకాణం దిక్కు ఒకపారి చూసిండు,
కాంటా మీద లేని బస్తాను సర్దిండు.
హమాలీలు ఇద్దరు మా నడుమ నుంచి పోయిన్రు.
వాళ్ళు పోయినంక, మెల్లగ:
"తీసినంకది. రాయి.
నా పేరు రాయకు."

రాత్రి కూసొని రాసిన:
ఇది జెండా పాట ధర. ఆ రోజు గరిష్ఠం మాత్రమే.
రైతుకు అతని ధరగా చెప్పకూడదు.
సున్నా అంటే యార్డు సెలవు. సగటులో కలపకూడదు.
బరువు: తరుగు పోగా మిగిలినది. తీసినదెంతో ఈ పట్టికలో లేదు.

ఆఖరి వాక్యం రెండుసార్లు కొట్టేసిన.
మూడోసారి ఉంచిన.

మళ్ళ అడిగిన, అదే తేజ, అదే నర్సంపేట.
ఈపారి జెర ఆగి చెప్పింది:
"నిన్నటి జెండా పాట పద్నాలుగు వేల రెండు వందలు.
మీ సరుకుకు ఎంత వస్తుందో నేను చెప్పలేను."

ఆ చెప్పలేనును చూసుకుంట చానాసేపు కూసున్న.

ఇంకో గడి మిగిలింది,
ఈ సమాచారం ఎవరిని అడగాలి అని.
ఖాళీగ పెడితే సిస్టం ఒప్పుకోదు.
కీబోర్డు మీద ఎర్రటి దుమ్ము, నా వేళ్ళదే.
ఒక తుమ్ము వచ్చింది.
నా పేరే కొట్టిన.