సౌండ్ చెక్

మనామాల, జుఫేర్ దిక్కు, త్రీ స్టార్ హోటల్ బేస్‌మెంట్ల
పదిహేనేండ్లు మైకులకు వైర్లు చుట్టిన.
నవ్వుకు రంగులుంటయని అక్కడనే తెలిసింది:
మిషిన్ మీద ముందుగాల పచ్చ, ఆనక పసుపు,
కడుపు పట్టుకున్నరంటే ఎరుపు.

కోలమ్ హెఫర్నన్ అని ఒక ఐర్లండాయన
మొదటిసారి వచ్చినప్పుడు పోస్టర్ మీద మూడో పేరు,
అదీ అచ్చుతప్పుతోని.
బక్కోడు. ఉడుకకు మొఖం టమాటపండయ్యింది.
నా పేరు లింబాద్రి అంటే ఆయన నోట్ల సగమే పట్టింది: లిమ్.
అందరు మైకుల వన్ టూ అంటరు గదా,
ఈయన వాళ్ళమ్మ రాసిచ్చిన సామాన్ల చీటీ చదివిండు:
రెండు రొట్టెలు, వెన్న, అర్ధకిలో మేకులు,
నాయినకు పొగాకు.

ఆ రాత్రి ఇరవై నిమిషాల్ల పసుపు దాటలే.
బ్యాంకోళ్ళు గ్లాసుల్లకు చూసుకున్నరు.
కిచెన్ మెట్ల మీద కూసొని
అరచేతి మీద రాసుకున్న జోకుల్ల రెండిటిని
ఉమ్మి పెట్టి తుడిచేసిండు.

తర్వాతి ఏడు రెండో పేరు. ఆ మీది ఏడు ఒక్కటే పేరు.
ఎరుపు, ఎరుపు, ఎరుపు,
ఫేడర్ కిందికి గుంజాల్సి వచ్చింది నేను.
అటెన్క రాలే.
టీవీల కూసున్నడన్నరు.

సల్మాబాద్ క్యాంపుల ఎనిమిదిమందిమి
ఒక్క ఫోన్ల చూసినం.
అటు ముగ్గురు ఇటు ముగ్గురు, నడుమల ఈయన, ముందట ఒక గంట.
ఆళ్ళు జోకులేస్తరు, ఈయన మార్కులేస్తడు.
ఆ మార్కులకు చాయ్ గూడ రాదు.
"మరి ఈయన పనేంది?" అన్నడు బొర్ర గంగారాం.
పక్కోని జోకుకు నవ్వుడే పని, అన్న.
"దానికి జీతమిస్తరా?" అని
ఆ వారమంతా ఫోర్‌మన్ ఏమన్నా పకపక నవ్విండు గంగారాం.
ఓవర్‌టైం రాలే.

ఒకసారి కోలమ్ వాన జోకు చెప్పిండు.
వాళ్ళ ఊర్ల ఎండాకాలం ఒక మంగళవారం వచ్చిందట,
ఆయన స్నానం చేస్తుండంగనే వెళ్ళిపోయిందట.
తెలుగుల చెప్పిన. ఎవ్వరు నవ్వలే.
నలభై ఎనిమిది డిగ్రీల్ల స్లాబు పోసొచ్చినోళ్ళు
పైకప్పు దిక్కు చూస్కుంట పండుకున్నరు.
"రోజూ వానేనా?" అన్నడొకడు చీకట్ల.
"రోజూ."

తొమ్మిదేండ్లకు ఆ గంట ఆగింది.
ఎందుకో నాకు తెల్వదు.
పోయిన ఫిబ్రవరిల మళ్ళొచ్చిండు, అదే బేస్‌మెంటు,
జుట్టు నెరిసింది, కుర్చీలు సగం.
మైకు పట్టుకొని చీటీ చదివిండు:
రెండు రొట్టెలు, వెన్న, అర్ధకిలో మేకులు.
తర్వాతి మాట కోసం వేలు ఫేడర్ మీద పెట్టుకొనే ఉన్న.
రాలే.

"లిమ్, నువ్వు మాట్లాడు, నేను ఎనక నిలబడి ఇంట."
పదిహేనేండ్లల్ల మైకు ముందటికి రాలే నేను.
నోటికొచ్చింది తెలుగే:
"ఈ నెల మాకు జీతం, ఓవర్‌టైం, టికెట్ పైసలు,
అన్ని కలిపి, ఒకటో తారీకునాడే,
లెక్కవెట్టి, కవర్ల వెట్టి, చేతికి
ఇయ్యలే."

ఎనక చీకట్ల ఒక్క నవ్వు.
అర్థంగాకుండ ఎట్ల నవ్వినవంటే
"ఎక్కడ ఆగినవో ఇనవడ్డది" అన్నడు.
"ఆఖరి మాటను ఆఖర్ల పెట్టనీకి
మేం ఇరవై ఏండ్లు కొట్టుకుంటం."
మా భాషల క్రియ ఎట్లైన ఆఖర్లనే వస్తదని,
అయిందో కాలేదో నోరు మూసేదాక తెల్వదని చెప్పిన.
"అయితే మీ ఊరంత కమెడియన్లే ఉండాలె" అనుకుంట
అరచేతి మీద ఏందో రాసుకున్నడు.
ఆ రాత్రి ఆయనకు పసుపే. ఒక్కసారి ఎరుపు.

శుక్రవారం క్యాంపుల, పై మంచం మీద కూసొని
జీతం జోకు మళ్ల చెప్పిన.
గంగారాం చేతుల చాయ్ గ్లాసు కిందవడ్డది.
ఎంతదాక పోయిందో ఎట్ల తెలుస్తది,
దుప్పటి మీద నా చెయ్యి ఫేడర్ కోసం వెతుకుతనే ఉన్నది.
పక్క గదోళ్ళు గోడ గుద్దిండ్రు,
నాలుగింటికి డ్యూటీ ఉన్నదని.
మేం సప్పుడు చెయ్యలే.
జరసేపటికి గోడ అవతలినుంచి ఒక గొంతు:
"అన్నా, ఆఖరి మాట ఇనవడలే.
ఇచ్చిండ్రా?"