నాలుగో గొంతు

మోయెల్ అంటే మా వెల్ష్‌లో బోడి.
ఆ గుండుకొండ నెత్తిన ఆదివారం పూట
ఓ చేపల గాలం కర్ర నిలబడింది,
తీగ ఒకటి చుట్టుకుని.
చేపల కోసం కాదు,
గాలిలో ఈదే గొంతుల కోసం.

రాళ్లగోడ వారన గొంతుక్కూర్చున్నాడు గ్విలిం.
ప్లాస్టిక్ సంచిలో రేడియో, తొడమీద నోటుపుస్తకం,
చెవి వెనక పెన్సిలు.
పిలుస్తున్నాడు. మళ్లీ పిలుస్తున్నాడు.
ఇంట్లో భోజనానికి మూడోసారి పిలిస్తే విసుక్కునే మనిషిలో
ఇంత ఓర్పు ఎక్కడ దాగుంటుందో!

నలుగురు పలకాలి, అదీ ఈ ఆట నియమం.
పలక్కపోతే
మోకాళ్లు ఎక్కినట్టు, కొండ ఎక్కనట్టు.

మొదటివాడు సముద్రం అవతల ఐర్లండ్ నుంచి.
గుక్కెడు మాటలు, దండిగా దగ్గు.
రెండోది ఒక ముసలమ్మ, తోటలోని షెడ్డులోంచి.
ఈ చలిలో పిల్లల్ని తీసుకొచ్చావా అని
ముక్కూమొహం తెలియని వాణ్ని కోప్పడింది.
మూడోవాడు మరో కొండమీద. అక్కడా వానేనట.
మిగతావన్నీ తెగిపోయాయి గానీ
"వాన" మాత్రం ఎంత స్పష్టంగా వినిపించిందో!

తర్వాత ఎవరూ లేరు.
గాలిదో రేడియోదో తెలియని హోరు.
బ్యాటరీ గీతలు మూడు నుంచి ఒకటికి జారాయి.
ఇద్వల్ కేకు తినేసి నా మఫ్లరుకి మూతి తుడిచాడు.
మాబ్లి గొర్రెలకు రేడియో అక్షరాలతో పేర్లు పెడుతోంది,
అల్ఫా, బ్రావో, చార్లీ...
జూలూ దాకా వచ్చేసరికి
అక్షరాలు అయిపోయాయి, గొర్రెలు మిగిలాయి.

"ఇంకో పది నిమిషాలు" అన్నాడు.
ఆ పది నిమిషాలు నాకు తెలుసు.
పెళ్లయిన పన్నెండేళ్లలో అవన్నీ కూడితే
ఓ వేసవి తేలుతుంది.

"కుక్కను కాస్త తిప్పుకొస్తా" అన్నాను.
మాబ్లి నన్ను చూసి, చటుక్కున గొర్రెల వైపు తిరిగింది.
పెదాలు బిగపట్టిన తీరు చూసి
గుట్టు అక్కడే రట్టవుతుందనుకున్నాను.

కంచె మెట్లు దాటి దిగాను.
శిఖరానికి పాతిక మీటర్ల దిగువ నుంచి పలికితేనే చెల్లుతుంది.
కొసరుగా ఇంకో పది కలిపాను.
కోటు లోపలి జేబులోంచి
అరచేతి రేడియో తీశాను.

డిసెంబరు రాత్రుళ్లు అందరూ నిద్రపోయాక
గిన్నెలు తుడిచిన గుడ్డతోనే చేతులు తుడుచుకుని
ఓమ్ సూత్రం వల్లెవేశాను.
పళ్ల డాక్టరు దగ్గరికని చెప్పి వెళ్లి
చాపెల్ హాల్లో, మీసాలు మొలవని కుర్రాళ్ల మధ్య కూర్చుని
పరీక్ష రాశాను.
ఇప్పుడు నాకూ ఓ పిలుపు పేరుంది,
ఎవరి ఇంటిపేరూ తగిలించనిది.

బటన్ నొక్కాను. నోరు ఎండిపోయింది.
పుట్ చెవులు రిక్కించి
నన్ను కాదు, డబ్బాను చూసింది.
నా అక్షరాలు ఒక్కొక్కటే చెప్పాను,
మెట్లు దిగడం నేర్చుకునే పసిదానిలా.

"కొత్త స్టేషన్!" ఆ గొంతులో దీపం వెలిగింది.
"బ్రహ్మాండంగా వినబడుతున్నారు.
మీ పేరు చెప్పండి, ఎక్కడి నుంచి?"

మీరు!
పరిచయమైన వారం తర్వాత ఆ మాట మళ్లీ వినలేదు.
వంటింట్లో దేనికైనా "ఊఁ" అని సరిపెట్టే మనిషి
నా ప్రతి అక్షరాన్నీ
వానలో, వణికే పెన్సిలుతో రాసుకుంటున్నాడు.
తొందరపడబుద్ధి కాలేదు.
పేరు చెప్పకుండా, ఆ మర్యాదలో
కాసేపు చలి కాచుకున్నాను.

"పేరు లునెడ్.
చోటు మీ కిందే, ముప్పై అయిదు మీటర్లు.
కుక్కతో ఉన్నాను."

హోరు.
చాలాసేపు హోరు.
అప్పుడు రేడియోలో కాదు,
కొండమీంచి తిన్నగా గాలిలో దూకింది మాబ్లి కేక:
"నాకు ముందే తెలుసు!"

పైకి వెళ్లేసరికి తీగ చుట్టేస్తున్నాడు.
పుస్తకంలో నాలుగో వరుస, చినుకుపడి అలుక్కుపోయిన టైము,
దాని పక్కన నా అక్షరాలు.
తలెత్తకుండానే అడిగాడు:
"అయితే, పన్ను బాగానే ఉందా?"