కొంచెం గాలి తీసెయ్

పెండీన్ దాటాక తారు రోడ్డు
మాట మధ్యలో నోరు మూసుకున్నట్టు ఆగిపోయింది.
అక్కణ్ణుంచి కంకర.

మొదటి ఎత్తులోనే నా వెనక చక్రం
ఉన్నచోటే గిర్రున తిరిగి రాళ్ళు చిమ్మింది.
లవ్‌డే దిగొచ్చి టైరు నొక్కి చూసింది,
అరవై మూడేళ్ళ బొటనవేలితో.
"ఇంత బిగువు ఇక్కడ చెల్లదు. కొంచెం గాలి తీసెయ్."
వాల్వు దగ్గర నిట్టూర్చింది సైకిలు,
నాకన్నా ముందు.

ఆపైన రాళ్ళు నన్ను విసిరికొట్టలేదు.
ఒక్కొక్కటీ రబ్బరులోకి కాస్త ఒదిగి
ఏ ఊరని అడిగి పంపించింది.

ఎడమపక్క గోర్స్ ముళ్ళపొదలు, పచ్చటి పూలు,
కొబ్బరిచెట్టే ఎరగని గట్టు మీద
అచ్చం కొబ్బరి కోరిన వాసన.
కుడిపక్క, చెయ్యి జారితే, అట్లాంటిక్.
దిగుడులో మాట్లాడకూడదు, ఆమె నియమం.
పదకొండు గేట్లకీ గొళ్ళెం పెట్టే కదలాలి,
ఆవులున్నా లేకపోయినా.

పొగగొట్టం ఒక్కటే మిగిలిన గని దగ్గర
సీసా మూత తిప్పుతూ అంది:
"నువ్వు తొక్కుతున్నది మా నాన్న వాళ్ళు
కింద నుంచి తెచ్చి పారబోసిందే.
తగరం ఉంచుకున్నారు, ఇది వద్దన్నారు."
సముద్రం అడుగున సొరంగంలో
నెత్తి మీద బండలు దొర్లే చప్పుడు వినేవాడట ఆయన.
తుఫాను రాత్రి భోజనం దగ్గర కూడా
పైకప్పుకేసి చూసేవాడట.

నేను కిందికి చూశాను.
బూడిద, తుప్పెరుపు, ఎక్కడో ఒక మెరుపు.

తిరుగుదారంతా ఎదురుగాలి.
ఇన్ని కొండలెక్కిన కాళ్ళు
గది మెట్ల దగ్గర మొరాయించాయి.
బూటు దులిపితే రాలిన గులకరాయిని
చెత్తబుట్టలో వెయ్యబోయి,
ఇప్పటికే ఒకసారి వద్దనిపించుకుంది కదా అని,
కిటికీలో పెట్టాను.